చేరవలసిన సభ్యురాలు

మనిషి తాను ఉండబోయే పేటను తానే ఎంచుకోగలడన్న అపోహను మా విద్యాసంస్థ సమూలంగా తొలగించింది. ఇంత పెద్ద విజయానికి ఇంతవరకు ఎవరూ సన్మానం చేయకపోవడం విచారకరం.

వెనకటి రోజుల్లో బదిలీ అయినవాడు కొత్త ఊరు వెళ్ళి, నాలుగు వీధులు తిరిగి, టూ-లెట్ బోర్డు కనిపించిన చోట తలుపు కొట్టి, నీళ్ళు బాగా వస్తాయా అని అడిగి, వస్తాయన్న అబద్ధాన్ని నమ్మి సామాను దించుకునేవాడు. అందులో శాస్త్రమేమీ లేదు. ఇప్పుడు అదే అబద్ధాన్ని శాస్త్రీయంగా చెప్పడానికి ‘చక్కని చోటు’ అనే యాప్ ఉంది. ఆ యాప్ వెనక కుటుంబ స్థాన నిర్ణయ విభాగం ఉంది. ఆ విభాగానికి ఒక అధికారి, ఆయన బల్ల మీద ఒక ప్లాస్టిక్ మొక్క ఉన్నాయి. (మొక్కకు వారం వారం నీళ్ళు పోయాలని ఉత్తర్వు ఉంది. పోస్తున్నారు.)

నన్ను పెద్ద నగరంలోని బడికి బదిలీ చేశారు. సంస్థ ఇల్లు ఇవ్వాలంటే యాప్ నిర్ణయించిన పేటలోనే ఉండాలి. నిర్ణయించడానికి యాప్‌కు మన కుటుంబ స్వరూపం తెలియాలి.

మా స్వరూపం చిన్నదే. నేను, నాలుగో తరగతి చదివే మా అమ్మాయి, మా అత్తగారు. (నా భార్య పోయి అప్పటికి ఏడాది కాలేదు. పేట ఎంపికకు సంబంధం లేని విషయమని బ్రాకెట్లో పెట్టాను. యాప్ అలా అనుకోలేదు.)

మా అవసరం అంతకన్నా చిన్నది. మా అమ్మాయి తాళం వేసి ఉన్న ఇంట్లోకి వెళ్ళదు. తాళంచెవి చేతికిచ్చినా సరే, ఎవరో ఒకరు లోపలి నుంచి తలుపు తీసేదాకా మెట్టు మీదే కూర్చుంటుంది. ఈ అలవాటు కిందటి ఏడాది మొదలైంది. నేను ఇల్లు చేరేసరికి పొద్దు వాలిపోతుంది. తలుపు తీసే మనిషి మా అత్తగారు. కాబట్టి ఏ పేటయినా మాకు సమ్మతమే, అత్తగారు మాతో ఉంటే చాలు.

యాప్‌లో ఈ ప్రశ్న లేదు. ‘మీకు ఉదయం ఎలాంటి గాలి ఇష్టం?’ అని ఉంది. ‘పొరుగువారు మిమ్మల్ని పలకరించవచ్చా?’ అని ఉంది, దానికి అవును, కాదు, ఆదివారం మాత్రమే అని మూడు జవాబులున్నాయి. ‘ఈతకొలనును మీరు ఎంత తరచుగా వాడకుండా ఉంటారు?’ అన్న ప్రశ్న దగ్గర మా అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, “ఇదెవరు రాశారో గానీ, వాళ్ళమ్మ ఎంత అవస్థ పడిందో పాపం” అన్నారు.

ప్రతి పేటకూ మార్కులుంటాయి. ఒక్క ఫిర్యాదూ రాని పేటకు ప్రశాంతతలో నూటికి నూరు వేశారు. ఆరా తీస్తే అక్కడ ఇంకా ఇళ్ళు కట్టలేదని తేలింది. నేను పేపర్లు దిద్దే మనిషిని, మార్కులంటే నాకు గౌరవం. తెల్లకాగితం ఇచ్చిన పిల్లవాడికి ఒక్క తప్పూ లేదని నూరు వేయడం మాత్రం ఇక్కడే చూశాను. ఇంకో పేట నుంచి బడికి ఆరు నిమిషాల నడక అన్నారు. వెళ్ళి చూస్తే దారిలో కాలువ ఉంది. విభాగానికి ఫోన్ చేశాను. “నడక ఆరు నిమిషాలేనండీ, ఈత వేరు” అన్నారు.

ఇవన్నీ దాటి ‘కుటుంబ సభ్యులు’ అన్న పేజీకి వచ్చాను. పాత రికార్డుల నుంచి మా నలుగురి వివరాలూ యాప్ తనంతట తానే తెచ్చుకుంది. నా భార్య పక్కన ‘ప్రస్తుత స్థితి’ అని అడిగింది. బడిపంతులు నిజమే రాయాలి. ఉన్నవాటిలోంచి ‘మరణించారు’ ఎంచుకున్నాను. ‘ఖచ్చితంగానా?’ అని అడిగింది. ఔనన్నాను. ‘మరోసారి ఆలోచించుకుంటారా?’ అంది. (ఆ సదుపాయం ఉందని అంతకుముందు ఎవరూ చెప్పలేదు.)

తెర మీద రంగు కాగితాలు ఎగిరాయి. ‘అభినందనలు! మీ కుటుంబం మరింత సరళమైంది. ఇప్పుడు మీకు మరిన్ని పేటలు అందుబాటులో ఉన్నాయి!’

భార్యతో పాటు, ఆమె తరఫున వచ్చిన చుట్టాలను కూడా యాప్ తీసేసింది. అత్తగారు మొత్తంగా పోయారు. కూతురు రెండు వైపుల నుంచీ వస్తుంది గనక సగమే పోయింది. ఆ సగాన్ని పుట్టిన తేదీ పత్రం చూపించి మర్నాడు తెచ్చుకున్నాను.

ఒకటిన్నర నుంచి ఇద్దరికి ఎదిగిన మా కుటుంబానికి ‘చిన్నగూడు’ అనే పేటలో ఇల్లు ఖాయమైంది. అక్కడ అతిథులు రాత్రిళ్ళు ఉండవచ్చు, పగలు ఉండకూడదు. పగలు ఉంటే లిఫ్టు అలిసిపోతుందట. మా అమ్మాయి బడి నుంచి వచ్చేది పగలే.

అత్తగారిని వెంటబెట్టుకుని విభాగానికి వెళ్ళాను. అధికారి చాలా మర్యాదస్తుడు. లేచి నిలబడి ఆవిడకు కుర్చీ చూపించి, ఆవిడ సిస్టంలో లేరని ఆవిడకే చెప్పాడు.

“ఎదురుగా కూర్చున్నానుగా నాయనా” అన్నారు అత్తగారు.

“కూర్చున్నారమ్మా, కాదనను. కానీ అత్తగారంటే తనంతట తాను వచ్చే చుట్టరికం కాదు. మధ్యలో ఒక మనిషి ఉండాలి. మాస్టారికి ఆ మధ్య మనిషి...” అని ఆగి, ప్లాస్టిక్ మొక్క ఆకు ఒకటి సర్దాడు.

“ఆ మధ్య మనిషిని కన్నది నేనే.”

“నిజమేనమ్మా. కన్నాక ఆవిడ ఉండి ఉంటే ఇబ్బంది లేకపోయేది.”

“ఔను నాయనా, ఉండి ఉంటే ఎవరికీ ఇబ్బంది లేకపోయేది.”

అధికారి మొక్క ఆకు ఇంకొకటి సర్దాడు. తర్వాత ఆవిడే, “మరి మా మనవరాలు నన్నేమని పిలవాలి?” అని అడిగారు.

“అమ్మమ్మ అనే పిలవొచ్చండీ. పిలుపుల మీద మా విభాగానికి అభ్యంతరం లేదు.”

నేను కల్పించుకుని, పాపకు తలుపు తీసే మనిషి కావాలని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఆటోమేటిక్ తలుపులున్న పేట ఒకటి ఉందన్నాడు. మనిషి ముందు నిలబడితే చాలు, దానంతట అదే తెరుచుకుంటుందట.

“తెరుచుకుని, అన్నం తిన్నావా అని అడుగుతుందా?” అన్నారు అత్తగారు.

“వచ్చే ఏడాది నుంచి అడుగుతుందండీ. టెండరు పిలిచారు.”

ఆయన మీద కోపం రాలేదు. మాటల్లో మాటగా, ఇంతకీ మీరే పేటలో ఉంటారని అడిగాను.

“నాకింకా రాలేదు మాస్టారూ. నేను మా అన్నయ్య వాళ్ళింట్లో, మా ఆవిడ వాళ్ళ పుట్టింట్లో. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే. మా స్వరూపం యాప్‌కి అర్థం కావట్లేదట.” ఈ మాట చెప్పాక ఆయనకు మా మీద అభిమానం కలిగినట్టుంది. గొంతు తగ్గించాడు. “ఒక దారుంది. ‘చేరవలసిన సభ్యులు’ అని ఒక వర్గం ఉంది. భార్య తర్వాత వస్తుంది, పిల్లల పరీక్షలయ్యాక వస్తుంది, ఇలాంటి వాళ్ళ కోసం పెట్టారు. మేడంగారిని అందులో పెడితే మధ్య మనిషి ఉన్నట్టే. అమ్మగారు వెంటనే తిరిగొచ్చేస్తారు.”

“ఎప్పుడు చేరతారో రాయక్కర్లేదా?”

“తర్వాత అంటే చాలు.”

“అది అబద్ధం కదండీ.”

“అబద్ధమెందుకవుతుంది మాస్టారూ? ఆలస్యం అవుతుంది.”

నేను తేల్చుకోలేక అత్తగారి వైపు చూశాను. ఆవిడ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, దాని పిడిని అటూ ఇటూ తిప్పుతున్నారు.

“రాసెయ్ బాబూ” అన్నారు చివరికి. “అది ఎప్పుడు టైముకి వచ్చింది గనక? తన పెళ్ళికి తనే ఆఖరున వచ్చింది.”

అలా ‘మరణించారు’ తీసేసి ‘చేరవలసి ఉంది’ అని పెట్టాం. యాప్ కారణం అడగలేదు. ఇలాంటి మార్పులు మామూలేనన్నట్టు, ఆమె ఇష్టాయిష్టాలు మాత్రం అడిగింది. వచ్చేవాళ్ళకు అనుకూలం కాని పేటను ఇవ్వకూడదని దానికి నియమం. (ఉన్నవాళ్ళ విషయంలో అలాంటి నియమం లేదు.)

ఆ ఆదివారం వంటింటి గట్టు మీద ఫోను ఆనించి ముగ్గురం కూర్చున్నాం. అత్తగారు బీన్స్ ఈనెలు తీస్తున్నారు.

“ఉదయం ఎండ కావాలా అంటోంది” అన్నాను.

“వంటింట్లోకి రావాలి. పడగ్గదిలోకి రాకూడదు” అన్నారు అత్తగారు. “పొద్దున్నే లేపితే దానికి ఒళ్ళు మంట.”

“ఎంత దూరం నడవగలరు?”

“ఎంతైనా రాయి. బజారుకి పంపితే ఊరంతా తిరిగి, తెమ్మన్నది మర్చిపోయి వచ్చేది.”

‘ప్రయాణంలో తరచుగా ఎదురయ్యే ఇబ్బంది’ అన్న ప్రశ్న దగ్గర మేమిద్దరం ఆగిపోయాం. అప్పటిదాకా ఈనెలు ఏరి వరసగా పేర్చుకుంటున్న మా అమ్మాయి తల ఎత్తకుండానే చెప్పింది.

“అమ్మ బస్సులో కిటికీలోంచి చూస్తూ దిగాల్సిన స్టాపు దాటిపోయేది కదా నాన్నా. చివరి స్టాపు దగ్గర ఇల్లయితే దాటిపోవడానికి ఉండదు.”

అత్తగారు లేచి, కుళాయి తిప్పి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగారు. నేను ‘స్టాపు దాటిపోవడం’ అని టైపు చేశాను.

యాప్ ఒక నిమిషం ఆలోచించి, బస్సు ఆగిపోయే చోట, అవతల ఖాళీ స్థలం తప్ప మరేమీ లేని పేటను మాకు ఇచ్చింది. నూటికి నూరు మార్కులతో ఇచ్చింది. అధికారి స్వయంగా ఫోన్ చేశాడు. “మాస్టారూ, ఆ పేట ఎవరికీ పడలేదు ఇంతవరకు. దాన్ని లిస్టులోంచి తీసేద్దామనుకుంటున్నారు. ఎలా సాధించారండీ?” మా ఇంట్లో అందరం తలా ఒక జవాబు చెప్పామన్నాను. ఆ పద్ధతిని మిగతా ఉద్యోగులకూ సిఫారసు చేస్తానన్నాడు.

ఇక్కడికొచ్చి కొన్ని నెలలైంది. నీళ్ళు బాగా వస్తాయన్నారు, రావు. వంటింట్లోకి ఎండ వస్తుంది. పడగ్గదిలోకి రాదు. బస్సు ఇక్కడే బయల్దేరుతుంది గనక మా అమ్మాయికి రోజూ కిటికీ సీటు దొరుకుతోంది. మధ్యాహ్నం బస్సు చప్పుడు వినగానే అత్తగారు లోపల గడియ తీసి పట్టుకుని నిలబడతారు. మొత్తం మీద యాప్ మా కుటుంబానికి చేసిన మేలు చిన్నది కాదు. అందులో లేని మనిషిని అడిగి చేసింది, అంతే తేడా.

నెలకోసారి మాత్రం ఒక సందేశం వస్తుంది. ‘మీ కుటుంబంలో ఒక సభ్యురాలు ఇంకా చేరలేదు. ఆలస్యానికి కారణం ఎంచుకోండి.’ కింద నాలుగు కారణాలుంటాయి. సెలవు దొరకలేదు. ఇతర సభ్యులతో మనస్పర్థలు. పేట నచ్చలేదు. ప్రయాణంలో ఉన్నారు.

“నచ్చలేదని మాత్రం పెట్టకు బాబూ” అంటారు అత్తగారు ప్రతిసారీ. “ఈ వంటిల్లు దానికి బాగా నచ్చేది.”

ప్రయాణంలో ఉన్నారని పెడతాను. ఈ నెల జవాబు వెంటనే వచ్చింది. ‘మీ కారణం ఆమోదించాం. సభ్యురాలు చేరాక చోటు ఇరుకైతే మరో ఇల్లు చూస్తాం. ప్రస్తుత ఇంట్లో ఆమెకు చోటు సరిపోతుందా?’

చోటుకేం లోటు లేదని రాశాను.