మంజీర నీలు కోసం గాలింపు

బస్సు దారిలో ఎక్కడా ఆగకపోవడమంత భద్రత ఈ లోకంలో ఇంకోటి లేదు! ఆగితే కదా దొంగ ఎక్కేది? ఆగితే కదా సామాను పోయేది? ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లూ మన బుర్రకు తట్టలేదు. సర్కారు గ్రాంటు వచ్చాకే తట్టింది.

నారాయణఖేడ్ నుంచి పట్నం పోయే నాన్‌స్టాప్ బస్సుకు ఆ గ్రాంటుతో ఎన్ని హంగులొచ్చాయనుకున్నారు! ముందొక కెమెరా, వెనకొక కెమెరా, డ్రైవర్ మొహం మీదికి ప్రత్యేకంగా ఇంకొకటి. ఏ సీటు పక్కన చూసినా ఎర్ర బటన్. అన్నిటికీ మించి ఒక నల్ల డబ్బా. చెప్పిన చోట కాక బస్సు మరెక్కడ ఆగినా హైజాక్ అయిందని అది కంట్రోల్ రూమ్‌లో గంట కొడుతుంది. మన బస్సును హైజాక్ చేసి ఎక్కడికి తీసుకుపోతారు, పక్కనున్న కంగ్టికా? అని నవ్వకండి. భద్రతంటే భద్రతే!

అంతకుముందు ఎంత అరాచకంగా ఉండేదో! ఎవరైనా ఆడమనిషి "జర ఆపు బిడ్డా" అంటే చాలు, డ్రైవర్ బస్వరాజ్ తుమ్మపొదల దగ్గర బండి ఆపేసేవాడు. అనుమతి లేదు, రికార్డు లేదు. జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఒంటికి పోయి వచ్చేవాళ్లు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఈ భద్రత విలువ రహమత్‌బీకి మొదట్లో తెలియలేదు. ఆమె ఖేడ్‌లో బొంతలు కుడుతుంది. వారంలో సగం రోజులు వాటిని మూట కట్టుకుని ఇదే బస్సులో పట్నం పోయి అమ్ముకొస్తుంది. ఈ మధ్య కిడ్నీలో రాయి తేలింది. "మందులకంటే నీళ్లు ముఖ్యం. మంచిగ తాగితే రాయి దానంతటదే పడిపోతది. లేకుంటే కోయాలె" అన్నాడు దవాఖానలో డాక్టర్. కోత మాట వింటేనే ఆమెకు హడల్. అందుకే ఆ రోజు పొద్దున్నే చెంబెడు నీళ్లు ఎత్తి తాగి, బస్సులో బాటిల్ కూడా ఖాళీ చేసింది.

సగం దారికి వచ్చేసరికి ఇక ఆగలేక లేచి డ్రైవర్ దగ్గరికి పోయింది.

"బస్వరాజ్, జర ఆపు బేటా. ఒంటికి పోవాలె."

"ఎట్ల ఆపాలె ఖాలా? ఆపితే పట్నంల గంట మోగుతది. మొన్ననే మెమో ఇచ్చిండ్రు. ఇంకోటొస్తే నౌకరి పోతది."

"ఆపకుంటె నా ఇజ్జత్ పోతది!"

ఇద్దరిదీ నిజమే. రహమత్‌బీ పళ్లు బిగబట్టి సీట్లోకి వచ్చి కూలబడింది. బస్సు ఏ గుంతలో పడ్డా అల్లాను తలుచుకుంది. పక్క సీట్లోని సిర్గాపూర్ మణెమ్మ ఇదంతా చూసి, ఎర్ర బటన్ మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"అక్కా, ఆపదల నొక్కమని రాసిండ్రు. నీది ఆపద గాదా ఏంది? నొక్కు!"

నొక్కింది. పైనున్న స్పీకర్లోంచి తియ్యటి గొంతు వచ్చింది.

"మేడమ్, కంట్రోల్ రూమ్ నుంచి అంకితను మాట్లాడుతున్నా. మీకు ఎవరి వల్ల ఆపద?"

"నీళ్లు, బిడ్డా!"

"నీలునా? ఇంటిపేరు చెప్పండి."

"ఇంకేం నీళ్లుంటయి మాకు? మంజీర నీళ్లే!"

"మంజీర నీలు. ఓకే మేడమ్. ఇప్పుడెక్కడుంది?"

"కడుపుల ఉన్నది తల్లీ, జల్దీ చెయ్యి!"

కడుపులో కత్తిపోటు అని రాసుకుంది అంకిత. ఆ వెంటనే ఆదేశం వచ్చింది: బస్సు ఆపాలి, తలుపు తెరవాలి, అందరూ దిగిపోవాలి! అందరికంటే ముందు రహమత్‌బీ దిగింది. తుమ్మపొదల చాటునుంచి వచ్చాక "సర్కారు సల్లగుండ" అని మనసారా దీవించింది. చూశారా మరి? గ్రాంటు వృథా పోయిందని ఎవరన్నారు?

ఆ తర్వాత ఏ ట్రిప్పులో చూసినా అదే చోట ఎవరో ఒక ఆడమనిషి బటన్ నొక్కడమే. ఎవర్నడిగినా అదే పేరు. మారువేషాల్లో తిరుగుతూ ఆడవాళ్లనే వేధించే ఘరానా నేరస్థురాలు మంజీర నీలు కోసం పోలీసుల గాలింపు మొదలైంది. తనిఖీకి పెద్దాఫీసర్ వచ్చాడు. బస్వరాజ్ ఉండబట్టలేకపోయాడు.

"సార్, నీలు లేదు గీలు లేదు. గా పైసలల్ల గీడొక లెట్రిన్ కట్టరాదుండ్రి."

"అది సెక్యూరిటీ కిందికి రాదయ్యా" అన్నాడాయన.

రెండో గ్రాంటు ఆఘమేఘాల మీద వచ్చింది. తుమ్మపొదలన్నీ కొట్టేశారు. ఆ చోట తాటిచెట్టంత స్తంభం పాతారు. దానికో పెద్ద లైటు, చుట్టూ తిరిగే కెమెరా. మరుసటి ట్రిప్పులో రహమత్‌బీ బటన్ నొక్కింది, బస్సు ఆగింది, ఆడవాళ్లంతా దిగారు. కెమెరా గిర్రున తిరిగి వాళ్లకేసి చూసింది. వాళ్లు దానికేసి చూశారు. అందరూ మళ్లీ బస్సెక్కారు. పట్నం దాకా రహమత్‌బీ నొప్పితోనూ, కోపంతోనూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆనాటి నుంచి ఆ బస్సులో ఎవరూ ఎర్ర బటన్ ముట్టలేదు. నీలు పీడ విరగడైందని ఆఫీసులో శాలువాలు కప్పుకున్నారు. నేరాలే లేని దారి! ఇంతకంటే ఏం కావాలి మనకు?

మొన్న దవాఖానలో డాక్టర్ స్కానింగ్ చూసి కేకలేశాడు.

"రాయి ఇంత పెరిగిందేందమ్మా! ఇగ కోయాల్సిందే. నీళ్లు తాగమని చెప్పిన గదా, ఎందుకు తాగలే?"

రహమత్‌బీ ఎండిన పెదాలు తడుపుకుంది. గది మూలనున్న కెమెరాను ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"నీళ్ల పేరు ఎత్తకు సార్. దాని కోసం పోలీసులు దేవులాడుతుండ్రు."