క్రివా నివా మహానగరం

పదకొండింటికల్లా గ్రాఫు ప్రింటు తీసుకుని, పన్నెండింటి బస్సుకి పట్నం చేరి, రెండింటికి మ్యూజియంలో పెద్దవాళ్ళకి చూపించాలి. ఆ గురువారం పొద్దున కలీనా వేసుకున్న పథకం ఇంతే. పాత మట్టిదిబ్బల్లో దొరికిన మాడిన గింజలకి కార్బన్ పరీక్షతో వయసు కట్టించడం, ఏ శతాబ్దానికి ఎక్కువ తేదీలు పడితే అప్పుడు జనం అంత ఎక్కువ ఉండేవారని అంచనా వేయడం ఆమె ఉద్యోగం. క్రివా నివాలో ప్రింటరున్నది మేయరు ఆఫీసులోనే. అక్కడే కథ అడ్డం తిరిగింది.

మేయరు బోజిదార్ తెల్లారినప్పటినుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఊళ్ళో మిగిలింది నూట పన్నెండు మంది. ఇంతమందికి బస్సు దండగేమో తేల్చడానికి జిల్లా రవాణా అధికారి ఆ మధ్యాహ్నమే వస్తున్నాడు. ప్రింటరులోంచి కాగితం సగం వచ్చీ రాకుండానే ఆయన లాగేశాడు.

"ఏమిటమ్మాయ్ ఈ కొండ?"

"కొండ కాదండీ, జనాభా. ఆరున్నర వేల ఏళ్ళ కిందట మన దిబ్బమీద..."

"మరి పక్కన ఈ చీమల పుట్ట?"

"అది బెలీ బ్రెస్త్ దిబ్బది."

పక్క ఊరి పేరు వినగానే బోజిదార్ మొహం చాటంత అయింది. "అంటే మనం వాళ్ళకి పదింతలా!"

"గీత ప్రకారం అంతేగానీ, ఇంకా సరిచూడాలండీ, తొందరపడి ఎవరికీ..."

ఆయన అప్పటికే మైకు దగ్గరున్నాడు. ఊరి కూడలిలో లౌడ్‌స్పీకరు గొంతు సవరించుకుంది. "సోదరులారా! పూర్వం మన ఊరు బెలీ బ్రెస్త్‌కి పదింతలు! సైన్సు తేల్చింది!"

ఆ మాట రొట్టెల కొట్టు స్తోయ్నా నోట పడి ఇరవై వేల జనాభా అయింది. పోస్ట్‌మాన్ సైకిలెక్కి బెలీ బ్రెస్త్ చేరేసరికి, "మీ ఊరు ఒకప్పుడు వాళ్ళ పశువుల కొట్టమట" అని స్థిరపడింది. అరగంట తిరక్కుండా ఆరు ట్రాక్టర్లనిండా బెలీ బ్రెస్త్ జనం దిగారు. ముందు వాళ్ళ మేయరు రద్కా, చంకలో అట్టపెట్టెతో.

"ఇవి మా దిబ్బలో దొరికిన కుండ పెంకులు. లెక్కెయ్యమనండి ఇప్పుడే!" అని గద్దించింది.

ట్రాక్టర్ల బారు చూసి పెళ్ళేమోనని మరో మూడూళ్ళవాళ్ళు వెంటపడ్డారు. ఒకాయన తిత్తి సన్నాయి కూడా తెచ్చాడు. వచ్చిన జనాన్ని చూసి బోజిదార్ మాంసం కాల్చే పొయ్యిలు వెలిగించమన్నాడు.

ఈ గోలలో కలీనా తలుపేసుకుని తేదీల జాబితా ముందేసుకుంది. క్రివా నివావి మొత్తం యాభై రెండు. అందులో నలభై ఒకే గుంతవి. గుంత కూడా కాదు, ఒకే కుండవి. నమూనాలు పంపిన ఫారం తీసి చూస్తే చేతిరాత తనదే! నాలుగేళ్ళ కిందట, విద్యార్థినిగా ఉన్నప్పుడు, ప్రొఫెసరు గరగరలాడే ఫోనులో "నాలుగు గింజలు పంపు" అంటే తను నలభై పంపింది. ఫలితాలొచ్చేసరికి ఆయన రిటైరై తేనెటీగలు పెంచుకుంటున్నాడు. మహానగరమంటే ఒక్క ఇల్లాలి ఒక్క పూట వంట.

పరిగెత్తుకెళ్ళి బోజిదార్ చెవిలో చెప్పింది.

"ఇప్పుడా చెప్పడం? పొయ్యిమీద మాంసం కాలుతుంటేనా?" అని ఆయన గుడ్లు తేలేశాడు. ఇంతలో అధికారి కారు దిగాడు. బోజిదార్‌కి ఏం చెయ్యాలో తోచక కలీనాని కూడలిలోని వేదికమీదికి తోసి, "ఇదిగో, మా శాస్త్రవేత్త!" అన్నాడు.

మైకు ముందు కలీనా తేదీల జాబితా విప్పింది. ఒకే కుండ సంగతి ఉన్నదున్నట్టు చెప్పేసింది. తిత్తి సన్నాయి సగం రాగంలో చచ్చిపోయింది. ముందు వరసలోని తొంభై ఏళ్ళ పేనా అవ్వ చెయ్యెత్తింది.

"అయితే పిల్లా, ఈ గొప్పంతా ఎవతో అడుగంటించిన జావేనా?"

"అంతే అవ్వా."

"పొయ్యిమీద పడేసి పక్కింటికి కబుర్లకి పోయుంటుంది ముండ. అంటే పక్కిల్లు కూడా ఉన్నట్టేగా!"

రద్కా పెంకుల పెట్టె కింద పెట్టి పగలబడి నవ్వింది. "ఆ పక్కిల్లు మాదేనే అవ్వా! ఇప్పటికీ మీ వాళ్ళు మా ఇళ్ళల్లోనేగా కూర్చుంటారు!"

ఆ నవ్వు అంటుకుంది. సన్నాయికి ప్రాణం వచ్చింది. రెండూళ్ళ జనం చేతులు పట్టుకుని గొలుసు నాట్యం మొదలెట్టారు. బోజిదార్, రద్కా పక్కపక్కనే గెంతుతున్నారు.

అధికారి మాత్రం గోడవారన నిలబడి పెన్సిలుతో తలలు లెక్కపెడుతున్నాడు. "ఆరువందల నలభై! ఈ ఊరికి నూట పన్నెండని రాసిన దద్దమ్మ ఎవడు?" అని పుస్తకంలో కొట్టేసి తిరగరాశాడు.

కలీనా ఉలిక్కిపడింది. ఒక్క చోట, ఒక్క పూట దొరికినవాటిని లెక్కేసి ఊరంతా ఇంతేననుకోవడం... తను చేసిన తప్పేగా! నోరు తెరవబోయింది. బోజిదార్ ఆ నోట్లో ఇంత బనిత్సా ముక్క కుక్కాడు.

"తిను తల్లీ. ఈ పూటకి నువ్వు చెప్పిన నిజం చాలు."

వేడివేడి జున్ను పొరలు, కరకరలాడే అంచు. కలీనా నములుతూనే మ్యూజియంకి ఫోన్ చేసి, గీత మళ్ళీ గీయాలనీ, తప్పు తనదేననీ చెప్పేసి, నాట్యంలో కలిసింది.

నెల తిరక్కుండా క్రివా నివాకి రెండో బస్సు కూడా వేశారు. అందులోంచి కబుర్లకని దిగేవాళ్ళంతా బెలీ బ్రెస్త్ వాళ్ళే.