చెల్లని పాస్తా

"దేశంలో మాంద్యం ముగిసింది. ఇక ప్రజలు ఆ సంగతి గమనించడమే తరువాయి!" అని అభ్యర్థి డాక్టర్ ఎవరిస్తో క్వింతెలా ప్రకటించారు. 2001 అక్టోబరు, అర్జెంటీనా మధ్యంతర ఎన్నికలు. రుజువుగా ఆయన ఇంటింటికీ తన ఫొటో అచ్చేసిన అరకిలో పాస్తా పొట్లం పంచారు. మాంద్యమే రాకపోతే అంత పెద్ద మనసు బయటపడేదే కాదు.

పార్టీ కార్యకర్త నెలిదాకు మాత్రం మాటే ఇచ్చారు. "నీ బూత్‌లో నాకు వంద ఓట్లు పడితే బడిలో వంటమనిషి ఉద్యోగం నీదే."

రైల్వే వర్క్‌షాపు మూతపడ్డాక ఆమె మొగుడు ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీనే రోజూ రిపేరు చేస్తున్నాడు. అందుకే ఆమె పొద్దున్నే బడికి వచ్చి అక్కడి ఆడవాళ్ళ బూత్‌లో పార్టీ ఏజెంటుగా కూర్చుంది. డాక్టరు గారి తల్లి, భార్య, ఇద్దరు కూతుళ్ళ ఓట్లు ఇక్కడే. అంటే ఇంకా తొంభై ఆరు కావాలి.

ఓటెయ్యకపోతే జరిమానా గనుక ఊరంతా వచ్చింది. అక్కడ ఓటు చీటీని కవర్లో పెట్టి పెట్టెలో వేస్తారు. సాయంత్రం పెట్టె తెరిస్తే కవర్లు ఉబ్బుగా ఉన్నాయి. చించితే గలగలమని పాస్తా రాలింది.

"చెల్లదు," అంది ప్రిసైడింగ్ ఆఫీసరు ఒఫేలియా టీచరు.

"ఎందుకు చెల్లదు టీచర్? గొట్టాల పాస్తా పంచింది మేమేగా! మాది మాకు పడింది!" అని నెలిదా లేచింది.

అవతలి పార్టీ ఏజెంటు మిర్తా ఊరుకుంటుందా? "అయితే శంఖాల పాస్తా అంతా మాది. లెక్కపెట్టు!"

లెక్కపెట్టారు. గొట్టాలు నూట పన్నెండు కవర్లు, శంఖాలు తొంభై. నెలిదా మనసులో అప్పుడే ఏప్రన్ కట్టేసుకుంది. నాలుగు కవర్లలో మాత్రం ఆకుపచ్చ రిబ్బన్ల పాస్తా వచ్చింది. అది ఏ పార్టీ కూడా పంచలేదు. "ఇండిపెండెంట్లు," అంటూ మిర్తా పక్కన పెట్టింది.

టీచరు చట్టం పుస్తకమంతా తిరగేసింది. పాస్తా ఊసే లేదు. అన్నీ రద్దు. చెల్లినవాటిలో డాక్టరు గారికి తొమ్మిది, మిర్తా వాళ్ళకు ఆరు.

నెలిదా భోరున ఏడ్చింది. ముగ్గురూ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఏడుస్తూనే బడి వంటింట్లో పొయ్యి వెలిగించింది. రద్దయిన ఓట్లన్నీ ఒకే గిన్నెలో ఉడికాయి.

అంతలో డప్పులతో డాక్టరు గారు వేంచేశారు. అన్ని బూత్‌లలోనూ ఇదే వరస. రద్దయినవి లెక్కలోకి రావు గనుక ఆయన అరవై శాతంతో గెలిచారు.

"అన్ని పార్టీలూ ఒకే గిన్నెలో! జాతీయ ఐక్యత అంటే ఇదీ," అని పళ్ళెం అందుకున్నారు. "నీ చేతి వంట బాగుందమ్మాయ్. కానీ మనం వంద అనుకున్నాం. నువ్వు తొమ్మిది దగ్గరే ఆగిపోయావు."

"అవును డాక్టరు గారూ."

ఆయన ఫోర్కుకు ఒక ఆకుపచ్చ రిబ్బను తగిలింది. మొహం వెలిగిపోయింది. "అరె, మా అమ్మ చేసే పాలకూర పాస్తా! మా ఇంట్లో తప్ప ఊళ్ళో ఎవరూ చెయ్యరే. ఇక్కడికెలా వచ్చింది?"

నెలిదా ఇంకో గరిటె వడ్డించింది.

"మీ ఇంటి నుంచే వచ్చింది సార్. నాలుగు కవర్లు. తినండి."