కెప్టెన్ గారి తోలు బ్యాగు

మగవాడి విలువను తూచే అధికారం ఇకమీదట అతని చదువుకు గానీ, పనితనానికి గానీ ఉండబోదనీ, అది సమస్తమూ అతని చేతిలోని తోలు బ్యాగుకే దఖలు పడిందనీ పెద్ద ఉద్యోగుల లోకం ఏనాడో తీర్మానించుకుంది. (ఈ తీర్మానం ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే చదివి ప్రశ్నలు వేసేవాళ్ళు తయారవుతారు.)

బీమా కంపెనీలో ఉపమేనేజరుగా ఉన్న ఒకాయనకు ఈ సంగతి కాస్త ఆలస్యంగా తెలిసింది. ఆయన ఏళ్ళ తరబడి ఒక టైర్ల కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చిన జిప్పు సంచీలో అన్నం డబ్బా, కాగితాలూ కలిపి మోసుకెళ్ళాడు. మేనేజరు కుర్చీ ఖాళీ అయినప్పుడల్లా ఇంటర్వ్యూకు వెళ్ళాడు. వెళ్ళినప్పుడల్లా నవ్వుతూ పంపేశారు. చివరికి పెద్దసారు కారు డ్రైవరు జాలిపడి చెవిలో వేశాడు.

"మీ జవాబులన్నీ బాగున్నాయట సార్. సంచీయే బాగాలేదట."

కుర్చీ మళ్ళీ ఖాళీ అయింది. వచ్చే సోమవారమే ఇంటర్వ్యూ. ఈసారీ తప్పితే ఉపమేనేజరుగానే రిటైరవ్వాలి. ఆయన బావమరిదిని వెంటబెట్టుకుని తోలు బ్యాగుల షాపుకు బయలుదేరాడు.

దాన్ని షాపు అనకూడదని గుమ్మంలో నిలబడ్డ మనిషి ముందే హెచ్చరించాడు. అది 'నిలయం' అట. లోపల ఒక్కొక్క బ్యాగుకు ఒక్కొక్క అద్దాల గది, నెత్తిన దీపం, కింద మెత్త, చల్లగాలి. ఈ తోలు ఎద్దు ఒంటి మీద ఉన్న రోజుల్లో ఇందులో పదోవంతు మర్యాద జరిగి ఉంటే ఆ ఎద్దు ఇంకా బతికే ఉండేది.

తెల్ల గ్లౌజులు తొడుక్కున్న ఒక యువకుడు ఎదురొచ్చి, తాను చర్మ సలహాదారునని పరిచయం చేసుకున్నాడు.

"ఆ నల్లది చూపించండి" అన్నాడు ఉపమేనేజరు.

"చూపించడం ఉండదు సార్. పరిచయం చేస్తాం. మీరు నచ్చారా లేదా అన్నది బ్యాగు ఇష్టం."

ఉపమేనేజరు బ్యాగు పట్టుకుని గోడ దాకా నడిచి రావాలి. తరవాత కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకోవాలి. తరవాత ఫోను వచ్చినట్టు నటించి, బ్యాగును మరిచిపోయినట్టు కనిపించకుండా మాట్లాడాలి. సలహాదారు అంతసేపూ ఆయన ముఖం వంక చూడలేదు, బ్యాగు వంకే చూశాడు. నల్ల బ్యాగు ఒప్పుకోలేదు. బూడిదరంగుది ఆలోచించుకుంటానన్నదట. పక్క సోఫాలో ఒక డాక్టరు గారిని మూడు బ్యాగులు కాదన్నాయి. ఆయన ముక్కు చీదుకుంటూ నాలుగో దానికోసం ఎదురుచూస్తున్నాడు.

"మా అక్క పెళ్ళికి ముందు నిన్ను ఇంత పరీక్షగా చూసుంటే మా ఇంట్లో కథ వేరేగా ఉండేది బావా" అన్నాడు బావమరిది.

"నోరుమూసుకో. అది వింటుంది" అన్నాడు ఉపమేనేజరు. అప్పటికే ఆయన దారిలో పడ్డాడు.

చివరికి గోధుమరంగు బ్యాగొకటి కనికరించింది. డబ్బు కట్టేసి వెళ్ళిపోదామని లేవబోతే సలహాదారు కంగారుపడ్డాడు.

"ఇలాగే తీసుకెళ్తారా సార్? కొత్తగానా?"

"కొత్తదే కదండీ."

"కొత్త బ్యాగు పట్టుకున్న మనిషిని చూస్తే ఏమనిపిస్తుంది సార్? కొనుక్కున్నాడనిపిస్తుంది."

"కొనుక్కుంటున్నాను కదండీ."

"అది మనిద్దరికీ తెలిస్తే చాలు సార్."

అసలు పెద్దమనిషి బ్యాగు కొనుక్కోడు, అది అతనికి తండ్రి నుంచి వస్తుంది. ఈ సూక్ష్మం తెలియని గిరాకీల కోసమే నిలయం వారు పై అంతస్తులో వారసత్వ విభాగం నడుపుతున్నారు. అక్కడ నిన్నగాక మొన్న కుట్టిన బ్యాగుకు ఒక తండ్రిని, ఆ తండ్రికి ఒక జీవితాన్ని, ఆ జీవితానికి తగిన గీతలను, మరకలను సమకూరుస్తారు.

"ఎలాంటి నాన్నగారు కావాలి సార్?" అని అడిగాడు సలహాదారు, మెనూ కార్డులాంటిది అందిస్తూ. "జడ్జిగారైతే సిరా మరకలొస్తాయి. తోటల యజమానైతే పట్టీ మీద కుక్క పళ్ళ గాట్లు పెడతాం. సర్జనైతే లోపల మందుల వాసన ఉంటుంది."

"జడ్జి బాగానే ఉంటాడేమో."

"జడ్జిలు ఈ నెలకు అయిపోయారు సార్."

బావమరిదికి ఒక ఆలోచన వచ్చింది. "ఉన్న నాన్న గుర్తులే వేయించుకోవచ్చు కదండీ? మా మామయ్య, అదే మా బావ నాన్న, పంపుల మెకానిక్కు. మనిషి గట్టివాడు."

సలహాదారు మర్యాదగా కాసేపు ఆలోచించాడు. "అంటే గ్రీజు సార్. గ్రీజుకు కంపెనీ పూచీ పడదు."

ఉపమేనేజరు తండ్రి జీవితాంతం నీటి పంపులు విప్పి బిగించిన మనిషి. ఇప్పుడు పని మానేసి కొడుకు ఇంట్లోనే ఉంటున్నాడు. బ్యాగు అన్నది ఆయన ఏనాడూ పట్టలేదు. చొక్కా జేబులో పట్టనిది మనకెందుకురా అనేవాడు. ఆ జేబు బరువుకు ఆయన చొక్కాలన్నీ ఒక పక్కకు వాలి ఉండేవి. అలా వాలిన చొక్కాను వారసత్వంగా చూపించుకోవడానికి ఏ విభాగమూ ఇంకా పుట్టలేదు.

ఆఖరికి ఓడ కెప్టెన్ ఖాయమయ్యాడు. వెంటనే గీతల నిపుణుడు తాళాల గుత్తి పట్టుకుని వచ్చాడు. కళ్ళు మూసుకుని బ్యాగు మీద ఒక్క గీత గీసి, "ఇది తుఫాను" అన్నాడు. ఇంకో గీత గీసి, "ఇది రేవులో కూలీ జారవిడిచింది" అన్నాడు. ఆయన వెనకే మరకల అధికారి టీ కప్పుతో వచ్చి, ఎడమవైపు కింది మూలన కొలిచి ఒలికించాడు. "మీ నాన్నగారు ఇంటికి ఉత్తరం రాస్తున్నారు. ఓడ కుదిపింది" అని వివరించాడు. తనకెప్పుడూ ఉత్తరం రాయని తండ్రి ఇలా రాయబోయి టీ ఒలకబోసుకున్నాడని వినేసరికి ఉపమేనేజరు జేబురుమాలు వెతుక్కున్నాడు.

తరవాత పేరు అచ్చువేశారు. కెప్టెన్ గారి పేరులోని మొదటి అక్షరాలను బంగారు రంగులో ముద్రించి, ఎండబెట్టి, మళ్ళీ ఎవరూ చదవలేనంతగా చెరిపేశారు. అచ్చుకు ఒక రేటు, చెరపడానికి దానికి రెట్టింపు.

"అసలు వేయకపోతే సరి కదా" అన్నాడు బావమరిది.

"వేయకపోతే చెరిగిపోయిన అక్షరాలు ఎలా వస్తాయండీ" అన్నాడు సలహాదారు, నిజంగానే నొచ్చుకుంటూ.

బ్యాగు చేతికిచ్చేముందు సలహాదారు గొంతు తగ్గించి చివరి నిబంధన చెప్పాడు. "బతికున్న కెప్టెన్ తన బ్యాగు ఎవరికీ ఇవ్వడు సార్. కాబట్టి ఎవరైనా అడిగితే 'పోయారు' అనండి. ఆ ఒక్క మాట చాలు. ఎక్కువ మాట్లాడితే తడబడతారు."

ఉపమేనేజరు ఆ ఒక్క మాటను నోట్లో వేసుకుని చాలాసేపు మింగలేకపోయాడు. కానీ సోమవారం ముంచుకొస్తోంది.

నిలయం వారి నియమం ప్రకారం ఆ బ్యాగును నేల మీద పెట్టకూడదు, మేకుకు తగిలించకూడదు, మంచం మీద పడేయకూడదు. కుర్చీలోనే కూర్చోబెట్టాలి. ఇంట్లో చేతులున్న కుర్చీ ఒక్కటే ఉంది. అది తండ్రిది. ఆయన స్టూలు మీదికి మారాడు.

"ఎవరిదిరా ఈ పాత సంచీ? దారిలో దొరికిందా?"

"కొన్నాను నాన్నా."

"టీ మరక పడిందే. సబ్బునీళ్ళతో తుడవనా?"

"వద్దు నాన్నా. ఆ మరకకే ఎక్కువ తీసుకున్నారు."

పంపు దగ్గరికి వెళ్ళకుండానే, దూరం నుంచి చప్పుడు విని ఎక్కడ అరిగిందో చెప్పగలిగిన మనిషి ఆయన. కొడుకు గొంతును కూడా ఒక్క క్షణం అలాగే విన్నాడు.

తమ్ముడి ద్వారా అంతా తెలుసుకున్న భార్య మాత్రం వంటింట్లో నిలదీసింది. "ఏమండీ, నాకిప్పుడు ఇద్దరు మామగార్లా? ఆ సముద్రపాయన కూడా పూటపూటా వేడినీళ్ళు అడుగుతాడా?"

"మెల్లగా అను. ఒక్క సోమవారం గడవనీ."

సోమవారం వచ్చింది. ఇంటర్వ్యూ గదిలో పెద్దసారు, అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. ముగ్గురి ముందూ మూడు తోలు బ్యాగులు. ఉపమేనేజరు తన బ్యాగును బల్ల మీద పెట్టి, పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకోవడం మరిచిపోయాడు. ఆ మూడు బ్యాగుల మీదా, ఎడమవైపు కింది మూలన, అదే వెడల్పున, అదే వంకరతో టీ మరక ఉంది. తుఫాను గీతలు కూడా ఉన్నాయి. నలుగురు తండ్రులూ ఒకే ఓడ మీద, ఒకే కుదుపుకు, ఒకే కప్పు ఒలకబోసుకున్నారన్న మాట. ఆ ఓడను అసలు నడుపుతున్నదెవరో దేవుడికే తెలియాలి.

అందరూ చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. మర్యాదస్తుల మధ్య మర్యాద అంటే అదే.

"నాన్నగారిదా?" అన్నాడు పెద్దసారు, బ్యాగు వంక గౌరవంగా చూస్తూ.

"అవునండీ."

"ఉన్నారా?"

"పోయారండీ."

"మా నాన్నగారు కూడా. సముద్రమంటే ప్రాణం ఆయనకి." (పెద్దసారు తండ్రి బట్టలు ఇస్త్రీ చేసేవాడని డ్రైవరు తరవాత చెప్పాడు. డ్రైవర్లకు ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో తెలియదు.)

అందరూ లేచి కాసేపు మౌనం పాటించారు. బీమా గురించి ప్రశ్నలేవీ రాలేదు. బయటికి వచ్చేసరికి ఆయన మేనేజరు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మేనేజరు స్థాయి ఉద్యోగి తండ్రి కాలం చేస్తే సంతాప ఉపసంఘం ఇంటికి వెళ్ళి పరామర్శించి తీరాలని కంపెనీ నియమావళిలో ఉంది.

"పోయి చాలా ఏళ్ళయిందండీ" అని మొత్తుకున్నాడు కొత్త మేనేజరు.

"మీరు మేనేజరయింది ఇవాళ కదా. కాబట్టి కంపెనీ లెక్కలో మీ నాన్నగారు పోయింది కూడా ఇవాళే" అన్నాడు పెద్దసారు. ఉపసంఘానికి అధ్యక్షుడు ఆయనే. మెంబర్లు మిగతా ఇద్దరు బ్యాగులవాళ్ళు.

ఆదివారం ముహూర్తం పెట్టారు. ఆ పూట తండ్రిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే బాధ్యత బావమరిదికి అప్పజెప్పారు.

"పద మామయ్యా, కళ్ళు చూపించుకొద్దాం."

"నా కళ్ళకేం? నీ చొక్కా గుండీ తప్పుగా పెట్టుకున్నావు, ముందది సర్దుకో."

వాళ్ళిద్దరూ వాదించుకుంటుండగానే ఉపసంఘం అనుకున్న వేళకన్నా ముందే దిగింది. తలుపు తీసింది తండ్రే. బనీను మీద ఉన్నాడు. ఎదురుగా ముగ్గురు పెద్దమనుషులు, మూడు బ్యాగులు. లంగరు ఆకారంలో కట్టించిన పెద్ద పూలచక్రాన్ని డ్రైవరు మోస్తున్నాడు.

"కెప్టెన్ గారి ఇల్లు ఇదేనా?" అన్నాడు పెద్దసారు. "స్వర్గస్థులైన కెప్టెన్ గారు. మేనేజరు గారి నాన్నగారు."

తండ్రి పూల లంగరు వంక చూశాడు. వెనక్కి తిరిగి తన కుర్చీలో కూర్చున్న బ్యాగు వంక చూశాడు. దాని పక్కన నిలబడి, చెమట తుడుచుకోవడం కూడా మరిచిపోయిన కొడుకు వంక చూశాడు. ఇన్నేళ్ళ ఎదురుచూపుల మీద వచ్చిన మేనేజరు ఉద్యోగమంతా ఇప్పుడు ఆ ముసలాయన నాలుక చివర ఉంది.

"ఇదేనండీ. రండి లోపలికి."

"మీరు?"

"వెనక గదిలో అద్దెకుంటానండీ. పంపులు బాగుచేసేవాణ్ణి."

బావమరిది నోరు తెరవబోతే అక్క అతని చెయ్యి గట్టిగా గిల్లింది.

ఉపసంఘం వారి బ్యాగులకు ఇంట్లో ఉన్న కుర్చీలూ, స్టూళ్ళూ సరిపోయాయి. మనుషులు నిలబడే ఉన్నారు. పెద్దసారు కెప్టెన్ గారి సేవల గురించి, సముద్రం గురించి, అలల గురించి చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ తండ్రి వైపు తిరిగాడు.

"మీరు ఆయన్ని ఎరుగుదురా?"

"బాగా ఎరుగుదునండీ. మంచివాడే. కొడుకంటే ప్రాణం పెట్టేవాడు."

"చివర్లో బాధేమైనా పడ్డారా?"

"లేదండీ. ఇట్టే పోయాడు. తనకే తెలీలేదు."

పెద్దసారు కళ్ళు తుడుచుకున్నాడు. మెంబర్లు కూడా తుడుచుకున్నారు. పూల లంగరును చేతుల కుర్చీకి ఆనించి, తమ తమ బ్యాగులను జాగ్రత్తగా లేవదీసుకుని, మేనేజరు భుజం తట్టి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మేనేజరు కంచంలోంచి తల ఎత్తలేదు. కోడలు మామగారికి అడగకుండానే రెండోసారి అన్నం పెట్టింది. ఆయన తినవలసినంతా నిదానంగా తిని, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, గుమ్మం దగ్గర ఆగాడు.

"మేనేజరు గారూ, అద్దె నెల మొదట్లో ఇమ్మంటారా, ఆఖర్లోనా?"