దొంగ నొప్పుల విచారణ సంఘం

కోడలి మీద అత్తగారి ఫిర్యాదు ఒక్కటే: ఆ పిల్లకి నొప్పులు పడటం కూడా సరిగ్గా రాదు.

నొప్పుల్లో అసలువీ దొంగవీ ఉంటాయనీ, ఏది ఏదో తేల్చే అధికారం పడేవాళ్ళది కాదు, చూసేవాళ్ళదనీ లోకం ఏనాడో ఒప్పుకుంది. ఆ ఇంట్లో ఆ అధికారం ఒక సంఘానిది. అధ్యక్షురాలు అత్తగారు. సభ్యులు ఆవిడ తోడికోడలు పెద్దత్తగారు, మేడమీది బామ్మగారు (ఈవిడ ఎవరికీ ఏమీ కారు, అందుకే ఆవిడ మాటకి విలువెక్కువ). కొడుక్కి సభలో కూర్చునే హక్కుంది, నోరు తెరిచే హక్కు లేదు.

బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది, నొప్పి మొదలవగానే పరుగెత్తుకు రమ్మని డాక్టరమ్మ చెప్పింది. కానీ పోయినవారం అలాగే పరుగెత్తితే దొంగ నొప్పులని తిప్పి పంపారు. ఇంటి పరువు ఆసుపత్రి మెట్ల మీదే పోయింది.

ఆ మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ కోడలు నడుం పట్టుకుంది.

"అత్తయ్యా, మీకు వీలైతే ఆసుపత్రికి వెళ్దామా? కాస్త నొప్పిగా ఉంది."

సంఘం టీ కప్పులతో సహా సమావేశమైంది.

"నొప్పులొచ్చిన మనిషి 'వీలైతే' అంటుందిటే?" అన్నారు అత్తగారు.

"మొహం కళకళలాడుతోంది. దొంగవే," అన్నారు పెద్దత్తగారు.

"నా మూడో కాన్పులో నా అరుపులకి వీధి కుక్క ఊరొదిలి పోయింది," అన్నారు బామ్మగారు. (అప్పట్నుంచీ సంఘానికి ఆ కుక్కే కొలమానం.)

అర్జీ కొట్టేశారు. కాస్త అటూ ఇటూ నడవమన్నారు.

కోడలు నడిచింది. అరవాలనే ఉంది. కానీ కాపురానికొచ్చిన కొత్తలోనే అత్తగారు నేర్పారు: "ఈ ఇంటి కోడళ్ళ గొంతు గడప దాటదమ్మా. ఏదైనా మెల్లగా, నవ్వుతూ చెప్పాలి." పళ్ళ బిగువున నడిచి, వంటింటి గుమ్మం పట్టుకుని ఆగింది.

"ఏమనుకోకండి అత్తయ్యా, ఉమ్మనీరు పోయింది. ఇప్పుడే తుడిచిన గచ్చు."

కొడుకు హక్కు లేకపోయినా నోరు తెరిచాడు. "కారు తీస్తున్నా!"

ఆపరేషన్ అయింది. తల్లీ పిల్లా దక్కారు.

"ఇంకాస్త ఆగుంటే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదు. ఇంతసేపూ ఏం చేస్తున్నారండీ?" అని నర్సు నిలదీసింది. బామ్మగారికి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. పెద్దత్తగారు తోడు వెళ్ళారు.

మిగిలిన అధ్యక్షురాలు మంచం పక్కన నిలబడి, నేల చూపులు చూస్తూ గొణిగారు.

"తప్పు నాదేనమ్మా. మెల్లగా చెప్పమని నేర్పిందీ నేనే, మెల్లగా చెబితే నమ్మందీ నేనే."

కోడలు ఎప్పట్లాగే మెల్లగా, నవ్వుతూ అంది.

"వినబడలేదత్తయ్యా. మీకు వీలైతే, కాస్త గట్టిగా."