గిరిని చంపిన దస్తూరి

పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ముప్పైనాలుగేళ్లు పెట్టెల మీద అక్షరాలు రాసి రిటైరైన భక్తవత్సలం దస్తూరి సంగతి మీకు తెలియదు. ఆయన రాసిన అంకెలు చూస్తూ నిలబడిపోయి రైలు తప్పిపోయినవాళ్లు అరక్కోణం దాకా ఉన్నారు. అబద్ధమైతే ఆ రైళ్లనే అడగండి.

అంతటి దస్తూరికి చివరికి దొరికిన ఉద్యోగం, భార్య మునెమ్మ నవలకు సాపు ప్రతి రాయడం. మునెమ్మ రాత కోడి కెలికిన దిబ్బ; మర్నాటికి ఆవిడకే అర్థం కాదు. తెలుగు సంఘం పత్రికకు నెలకో అధ్యాయం ఆవిడ గిలికేది. ఈయన ముత్యాల్లా దించి సంపాదకుడు బాలసుందరానికి ఇచ్చి వచ్చేవాడు.

నవల పేరు 'ఇంటికొక్కరే'. రెండువందల ఏళ్ల తర్వాతి మద్రాసు. సముద్రం రాయపురాన్ని మింగేసి పెరంబూరు గుమ్మంలో కూర్చుంది. సర్కారు చావుకు మందు కనిపెట్టింది గానీ, ఇంటికి ఒక్క సూదే. ఆ ఒక్కరూ ఎప్పటికీ చావరు, మిగతావాళ్లు వరసగా బయల్దేరాల్సిందే. సూది ఎవరికో ఇల్లాలు వైదేహి తేల్చాలి. మొగుడు కాటయ్యకు బట్టతల, గురక, రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పని. మేడమీద అద్దెకున్న గిరికి ఒత్తు జుట్టు, చేతిలో ఫిడేలు.

ఆరో అధ్యాయంలో వైదేహి సూదిని గిరికి రాసిచ్చేసింది. భక్తవత్సలం పెన్ను ఆగిపోయింది.

"ఏమే, ఈ గిరి ఎవురు?"

"నవల్లో మనిషి."

"ఈడ మన వీధిలో ఫిడేలు ఎవురు వాయిస్తారు?"

"ఎవురూ లేరు కాబట్టే రాసుకుంటి."

"అద్దెకున్నోడికి చావు లేకుండా చేస్తే, వాడు ఇల్లు ఖాళీ చేసేదెప్పుడే?"

"సుమ్మా, నోరు మూసుకోని రాయయ్యా."

"కాటయ్య పాపం కదా!"

"ఆ గురక యుగాల తరబడి వినాల్నా లోకం?"

లేని మనిషి మీద అసూయ పడటం చాలా కష్టం. కొట్టడానికి చెంప ఉండదు, తిట్టడానికి ఫోన్ నంబరు ఉండదు. అయితే పెన్ను మాత్రం భక్తవత్సలం చేతిలోనే ఉంది.

సాపు ప్రతిలో వంజరం చేప ముల్లు గొంతులో ఇరుక్కుని గిరి మూడు వాక్యాల్లో పోయాడు. నాలుగో వాక్యంలో వైదేహి కళ్లు తుడుచుకుని సూది కాటయ్యకు వేయించింది. ఐదో వాక్యంలో కాటయ్యకు జుట్టు మొలిచింది.

పత్రిక వచ్చిన రోజు వీధంతా గొల్లుమంది. ఎదురింటి శారదాంబ తలకు పోసుకుని మరీ పలకరించడానికి వచ్చింది. బాలసుందరం ఫోన్ చేసి, "గిరి చావు చదివి మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదమ్మా!" అని ఏడ్చాడు.

మునెమ్మ ఫోన్ పెట్టేసి మొగుడి వైపు చూసింది.

"చేప ముల్లా?"

"వంజరం కదే, ముల్లు..."

"వంజరంలో నడిముల్లు తప్ప ఏముందయ్యా? మనిషిని చంపేదానికి చేపన్నా తెలియద్దా!"

ఆ తర్వాత మునెమ్మ అచ్చయిన శవాన్ని లేపకూడదని మూడు రోజులు కూర్చుని చివరి అధ్యాయం గిలికింది. "బాలసుందరం దీన్ని నాకు చదివి వినిపించినాకే అచ్చు. మారిస్తివా, చూస్కో!" అని చేతిలో పెట్టింది.

అందులో సూది పడ్డవాళ్లు సముద్రానికి జడిసి ఊరొదిలిపోయారు, మిగతా వీధంతా చచ్చిపోయింది. వైదేహి పోయింది. ఒక్క కాటయ్య మిగిలాడు. మూడేళ్లకోసారి వచ్చే నీళ్ల లారీ కోసం, ఒత్తు జుట్టు ఎగురుతుండగా, బిందె పట్టుకుని ఒంటరిగా నిలబడ్డాడు. గురకను తిట్టడానికైనా మనిషి లేడు.

"ఇదేందే, ఇట్లా రాస్తివి?"

"మొదట్నించీ అదే కథయ్యా. చావు లేకపోవడమే శిక్ష. వెనకా ముందూ ఎవురూ లేనోడు కదా అని గిరికి అంటగట్టి, కాటయ్యను వైదేహితో పిల్చుకోని పోదామనుకుంటి. ఇద్దరూ ఒకే రోజు, చెయ్యీ చెయ్యీ పట్టుకోని."

భక్తవత్సలం గొంతులో వంజరానికి లేని ముళ్లన్నీ ఒక్కసారే గుచ్చుకున్నాయి.

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడేముంది? గిరిని ముందుగా పంపించింది నువ్వే. వెనకాల్నే వైదేహి పోయింది. కాటయ్య ఆడికి రాలేడు కదా, సూది ఏసుకున్నాడే!"

భక్తవత్సలం పెన్ను తీశాడు. 'స్వర్గం గుమ్మంలో ఫిడేలు పట్టుకుని గిరి వైదేహి కోసం ఎదురు చూస్తున్నాడు' అని మునెమ్మ గిలికిన ఆఖరి వాక్యాన్ని తన చేత్తోనే ముత్యాల్లా దించాడు. దించాక కాసేపు దానికేసి చూశాడు.

"ఏమే, ఆడ కూడా వాడు అద్దెకేనా?"

"కాదయ్యా," అంది మునెమ్మ, "సొంతిల్లు."