కొంగ కాలి ముడి

ఆ రోజు పొద్దున రదోస్తినా టీచరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి. స్తోయ్నా బేకరీలో జున్ను పెట్టి కాల్చిన వేడివేడి బనిత్సా ఒకటి తినాలి. బడికి వెళ్ళి ఒకటో తరగతి పిల్లలతో జిల్లా ఇన్‌స్పెక్టరు ముందు బహిరంగ పాఠం గట్టెక్కించాలి. మొదటి పని మాత్రం అనుకున్నట్టే జరిగింది.

స్లివోవో ఊరి బడిలో ఆమెది తాత్కాలిక ఉద్యోగం. పాఠం బాగుందని ఇన్‌స్పెక్టరు గనేవా గారు సంతకం పెడితే ఉద్యోగం ఖాయమవుతుంది. పెట్టకపోతే వచ్చే ఏడు ఒకటో తరగతిని పక్క ఊరి బడిలో కలిపేస్తారు. పిల్లలు పొద్దున్నే చలిలో బస్సెక్కుతారు, రదోస్తినా ఇంట్లో కూర్చుంటుంది. గనేవా గారు నవ్వగా చూసినవాళ్ళు జిల్లాలో ఎవరూ లేరని చెప్పుకుంటారు. చూశామన్నవాళ్ళు ఉన్నారు గానీ, అది తుమ్ము అని తర్వాత తేలింది.

పాఠం పేరు 'కథలో ఏమేముంటాయి'. రదోస్తినా దాన్ని పిల్లలకు దారంతో నేర్పింది. మార్చి నెల కాబట్టి ఊళ్ళో ప్రతి మణికట్టుకూ ఎరుపు తెలుపు దారం ఉంది. ఒకటో తారీఖున కట్టుకుంటే, ఆ ఏడు మొదటి కొంగ కనబడేదాకా విప్పరు. కొంగను చూసిన రోజు విప్పి, పూత పట్టిన చెట్టుకు కడతారు. ముందే విప్పితే ఏడాదంతా అచ్చిరాదని అందరికీ గట్టి నమ్మకం. నమ్మకం లేదనే వాళ్ళు కూడా విప్పరు. టీచరు ఆ దారాన్నే చూపించి, "కథంటే ఇంతే. ఎవరు, ఎక్కడ, అక్కడో ముడి పడుతుంది, ఆ ముడి విప్పుతాం, కథ అయిపోతుంది" అని చెప్పింది. పిల్లలు ఇట్టే పట్టేశారు.

ముందు రోజు ఇంటిపని కూడా ఇచ్చింది. "రేపు తలా ఒక కథ తేవాలి. ముడి వరకే. విప్పొద్దు. ఇన్‌స్పెక్టరు గారి ముందు అందరం కలిసి విప్పుదాం" అంది. అక్కడితో ఊరుకోవలసింది. సంచి భుజాన వేసుకుంటూ, "అనగనగా అని మొదలెట్టకండి. నిజంగా జరిగినట్టు చెప్పండి. విన్నవాళ్ళు నమ్మాలి" అని కూడా అంది.

పొద్దున ఆమె వెళ్ళేసరికి బేకరీ మూసి ఉంది. తలుపు మీద సుద్దముక్కతో 'కొంగ దగ్గరికి వెళ్ళాను' అని రాసి ఉంది. స్తోయ్నా తన పెళ్ళి రోజున కూడా మధ్యాహ్నం దాకా రొట్టెలు అమ్మిన మనిషి. పక్కనే సెలూన్ గుమ్మంలో మంగలి బొగొమిల్ చేతిలో జుట్టు కత్తిరించే మిషను పట్టుకుని దిగాలుగా నిలబడి ఉన్నాడు.

"ఏమైంది బాబాయ్?" అని అడిగింది రదోస్తినా.

"కొంగొచ్చిందమ్మా. పట్టుమిల్లు పొగగొట్టం మీద. కాలు కరెంటు తీగలో ఇరుక్కుందంట. మేయరు గారు నా కుర్చీలోంచే ఫోన్ చేసి ఊరంతా కరెంటు ఆపించారు."

"మరి నువ్వెళ్ళలేదేం?"

"ఆయన తల సగమే అయ్యింది. కరెంటు ఆపితే ఈ మిషను కూడా ఆగుద్దని ఇద్దరికీ తట్టలా. ఆయన లేచి పరిగెత్తాడు. వస్తే పూర్తి చేద్దామని చూస్తన్నా."

రదోస్తినా బడికి పరిగెత్తింది. తరగతి గదిలో లైటు లేదు, పిల్లలూ లేరు. పొగగొట్టం దగ్గరికి వెళ్ళి ఉంటారని తెలుస్తూనే ఉంది. ఇన్‌స్పెక్టరు వచ్చే లోపల వాళ్ళను తోలుకు రావాలని ఆమె మిల్లు దారి పట్టింది. వంతెన మీద ఫైరింజను అడ్డంగా ఇరుక్కుపోయి ఉంది. డ్రైవరు మించో దాన్ని అక్కడే వదిలేసి, నిచ్చెన మోసుకుని నడిచి వెళ్ళాడట. ఫైరింజను వెనక నల్ల కారొకటి ఆగి ఉంది. అందులో ఎవరూ లేరు గానీ, వెనక సీటు మీద జిల్లా విద్యాశాఖ ముద్ర ఉన్న తోలు సంచి ఉంది. రదోస్తినా మళ్ళీ పరుగందుకుంది.

మిల్లు ఆవరణలో ఊరు ఊరంతా ఉంది. మేయరు జెల్యాజ్కో ఒక రాతి మెట్టెక్కి చేతులు ఊపుతూ ఆజ్ఞలు ఇస్తున్నాడు. ఎడమవైపు నుంచి చూస్తే నున్నగా కొత్త పెళ్ళికొడుకులా, కుడివైపు నుంచి చూస్తే ఎప్పటి మేయరులా ఉన్నాడు. ఆయన వెనక ఉన్న రేగు చెట్టు పూతతో పాటు ఎరుపు తెలుపు దారాలతో నిండిపోయి ఉంది. కొంగ వచ్చిందని తెలియగానే ఊరంతా మణికట్ల మీది ముడులు విప్పి ఆ చెట్టుకు కట్టేసింది. ఊరివాళ్ళలో ఒక్క పిల్లల చేతులకే దారాలు మిగిలాయి.

కొంగ మాత్రం ఎవరికీ కనబడటం లేదు. పొగగొట్టం పైన పోయినేటి గూడు ఉంది. కనబడటం లేదంటే గూట్లో పడి ఉందన్నారు కొందరు. పాపం రెండు కాళ్ళూ పోయాయని ఇంకొకరన్నారు. ఒకటి కాదు, జంట అని మరొకావిడ కళ్ళు తుడుచుకుంది. జనం వెనకగా, బూడిద రంగు కోటు వేసుకున్న ఒక కొత్తావిడ నిలబడి ఈ మాటలన్నీ వింటోంది. ఆమె మణికట్టుకు దారం ఉంది, ముఖంలో నవ్వు లేదు. రదోస్తినాకు ఇంకేమీ అడగవలసిన పని లేకపోయింది.

అప్పుడే నిచ్చెన చివరి మెట్టు నుంచి మించో కేక వేశాడు. "ఏం లేదిక్కడ. గూడు ఖాళీ. తీగ కూడా లేదు."

అందరూ ముందు పొగగొట్టం వైపు, తర్వాత చెట్టు వైపు, ఆ తర్వాత తమ బోసి మణికట్ల వైపు చూసుకున్నారు.

"నీకెవరు చెప్పారు?" అని మేయరు కిందికి దిగిన మించోను నిలదీశాడు. మించోకు స్తోయ్నా చెప్పింది. బొగొమిల్‌కు మించో చెప్పాడు. మేయరుకు బొగొమిల్ చెప్పాడు. "మరి నీకు?" అని అందరూ స్తోయ్నా మీద పడ్డారు. ఆమె ముఖం ఎర్రబడింది.

"నా మనవరాలు చెప్పింది. పాలు తాగతా తాగతా, నాయనమ్మా, కొంగ కాలు ఇరుక్కుంది అంది. దాని కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. నమ్మకుండా ఎట్టా ఉంటాను?"

మనవరాలు బిల్యానా ముందు వరసలోనే ఉంది. ముందు పళ్ళు రెండూ ఊడిన పిల్ల. అంతమంది తనవైపు తిరిగేసరికి భయపడలేదు గానీ కొంచెం నొచ్చుకుంది.

"అది నా హోంవర్కు" అంది.

"ఏంటీ?" అన్నాడు మేయరు.

"టీచర్ ఇచ్చింది. ముడి వరకే చెప్పమంది. నిజంలాగా చెప్పమంది. మీరెందుకు విప్పేశారు? విప్పొద్దంది కదా."

ఊరి కళ్ళన్నీ ఇప్పుడు రదోస్తినా మీదికి వచ్చాయి. స్తోయ్నా పొయ్యిలో పాడైన రొట్టెలు, మేయరు సగం తల, మించో గీరుకుపోయిన మోకాలు, అన్నింటికీ మించి ఊరందరి ఏడాది అదృష్టమూ ఆమె నెత్తినే పడ్డాయి.

"పిల్లలకు అబద్ధాలు నేర్పుతున్నావా అమ్మా?" అన్నాడు మేయరు. "ఆ ఇన్‌స్పెక్టరు రానీ. నేనే స్వయంగా చెప్తాను నీ సంగతి."

ఇన్‌స్పెక్టరు ఆ జనం వెనకే నిలబడి వింటోంది. ఆ సంగతి తెలిసినది రదోస్తినా ఒక్కతే. పిల్ల సరిగ్గా వినలేదండీ, నేనలా అనలేదండీ అనేస్తే తప్పించుకోవచ్చని ఆమెకు ఒక్క క్షణం అనిపించింది. ఈలోగా బిల్యానా వచ్చి ఆమె చొక్కా అంచు పట్టుకుంది. తను చెప్పమన్నది ఆ పిల్ల చెప్పమన్నట్టే చెప్పింది. తరగతి మొత్తంలో ఊరిని నమ్మించగలిగింది ఆ పిల్ల ఒక్కతే. టీచరుకు భయం పోయి, గర్వం లాంటిదేదో వచ్చింది.

"నేనే చెప్పానండీ" అంది రదోస్తినా. "పిల్ల తప్పేం లేదు. చక్కగా చేసింది."

జనంలో గొణుగుడు మొదలైంది. అప్పుడు బూడిద రంగు కోటావిడ నోరు విప్పింది. "నాకు ఈ ఊరు కొత్త. అసలేం జరిగిందో ఎవరైనా మొదట్నుంచీ చెబుతారా?"

ఊరు ఊరంతా ఒక్కసారే చెప్పబోయింది. మించో తన మోకాలితో మొదలుపెట్టి, నిచ్చెన మార్పించమని పోయినేడు పెట్టుకున్న అర్జీ దగ్గరికి వెళ్ళిపోయాడు. స్తోయ్నా పిండి పులియబెట్టడం దగ్గర మొదలుపెట్టి, పిండి పొంగే లోపలే కోడలి సంగతికి దిగింది. మేయరు అయితే తన ముందు మేయరు చేసిన అక్రమాల నుంచి ఎత్తుకున్నాడు. కోటావిడ ముగ్గురినీ చివరిదాకా విన్నది.

"ఇందులో కొంగ ఎక్కడుంది?" అని అడిగింది.

ముందు వరసలో పిల్లల చేతులు లేచాయి. అలవాటు కొద్దీ అందరూ రదోస్తినా వైపు చూస్తున్నారు. ఇన్‌స్పెక్టరు చూడవలసింది బహిరంగ పాఠమే అయితే ఇంతకన్నా బహిరంగంగా ఎక్కడా దొరకదని ఆమెకు తోచింది. గొంతు సవరించుకుంది.

"ఎవరు?" అంది.

"కొంగ" అన్నారు పిల్లలంతా.

"ఎక్కడ?"

"పట్టుమిల్లు పొగగొట్టం మీద."

"ముడి ఏంటి?"

ఒక పిల్ల ముందుకొచ్చింది. "టీచర్, పొద్దున ముడి వేరు, ఇప్పుడు వేరు. పొద్దున కొంగ కాలు ఇరుక్కుంది. ఇప్పుడు కొంగ రాలేదు, పెద్దోళ్ళు దారాలు విప్పేశారు."

"అంటే ఇప్పుడు ముడిలో ఇరుక్కుంది ఎవరు?"

"మేయరు గారు" అన్నాడొక కుర్రాడు. జనం వెనక నుంచి ఒక నవ్వు వినబడి, ఆగిపోయింది.

"సరే. ఎలా విప్పుదాం? ఆలోచించండి."

పిల్లలు ఆలోచించారు. చిత్రమేమిటంటే పెద్దలూ ఆలోచించడం మొదలుపెట్టారు. ఎవరి దారం వాళ్ళు మళ్ళీ కట్టేసుకుంటే సరి అన్నాడు మించో. చెట్టుకు కట్టింది తీస్తే చెట్టుకు కోపమొస్తుందని పిల్లలే ఆయన మాట కొట్టిపారేశారు. ఫైరింజను మీద తెల్ల దుప్పటి కప్పి కొంగ అనుకుందామన్నాడు ఇంకొక కుర్రాడు. అది కథలో ముందు లేదు కాబట్టి చెల్లదన్నారు మిగతావాళ్ళు. మేయరు కూడా ఒకసారి చెయ్యెత్తాడు గానీ, ఆయన వంతు రాలేదు.

చివరికి బిల్యానా టీచరు చొక్కా వదిలింది.

"కొంగ దారిలోనే ఉంది" అంది. "కానీ దానికి మన ఊరు ఏదో తెలీట్లేదు. పైనుంచి చూస్తే అన్ని ఊళ్ళూ ఒకలాగే ఉంటాయి. ఇప్పుడు మన చెట్టు ఒక్కటే ఎర్రగా తెల్లగా ఉంది. అది చూసి, ఓ, ఇదే మా ఊరు అని దిగుద్ది. అప్పుడు పెద్దోళ్ళు ముందే విప్పింది తప్పు కాదు. కొంగకి దారి చూపించడానికి విప్పారు."

స్తోయ్నా ఏడ్చేసింది. మించో టోపీ తీశాడు. తమ అదృష్టం చెడలేదని, పైగా తాము చేసింది పుణ్యకార్యమని ఊరంతటికీ ఒక్కసారే అర్థమైంది. జనం చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. వంతెన అవతల సెలూన్ దాకా వినబడిందని తర్వాత బొగొమిల్ చెప్పాడు.

"నేను ముందునుంచీ అదే అనుకుంటున్నాను" అన్నాడు మేయరు మెట్టు మీద నుంచి. "దారి చూపించాలనే చెట్టుకు కట్టించాను."

బూడిద రంగు కోటావిడ చెట్టు దగ్గరికి నడిచింది. తన మణికట్టు మీది ముడిని ఓపిగ్గా గోళ్ళతో విప్పి, వీలైనంత పై కొమ్మకు కట్టింది. తర్వాత రదోస్తినా దగ్గరికి వచ్చింది.

"నా పేరు గనేవా" అంది. మేయరు గబుక్కున, కత్తిరించిన ఎడమవైపు ఆమెకు కనబడేలా తిరిగి నిలబడ్డాడు. "పాతికేళ్ళుగా ఈ పాఠం చూస్తున్నాను. పిల్లలు బోర్డు మీద రాసింది చూసి చదువుతారు, నేను సంతకం పెడతాను. పెద్దవాళ్ళకు కథ చెప్పడం రాని చోట పిల్లలకు చెప్పడం వచ్చింది. అది నేనెక్కడా చూడలేదు. పెన్ను కారులో ఉంది, ఫైరింజను తీయిస్తే సంతకం పెడతాను."

ఫైరింజనును ఊరంతా కలిసి నెట్టింది. అందరికన్నా ముందు రదోస్తినా నెట్టింది, తెల్ల చొక్కా సంగతే మరిచిపోయి. సంతకం కారు బానెట్టు మీదే జరిగింది. స్లివోవో ఒకటో తరగతి స్లివోవోలోనే ఉండిపోయింది. బిల్యానా టీచరు చంకనెక్కి కూర్చుని, తర్వాతి కథ మేయరు గారి తల గురించి చెబుతానంది. మేయరు వద్దని బతిమాలాడు. ఆ సాయంత్రం స్తోయ్నా మాడని బనిత్సాలన్నీ ఏరి బడికి పంపింది, పొద్దున తినలేకపోయిన టీచరుకు రెండు.

వారం తిరక్కుండానే కొంగ వచ్చింది. రేగు చెట్టు మీదుగా రెండు చుట్లు తిరిగి, పట్టుమిల్లు పొగగొట్టం మీద దిగింది. ఊరంతా చూసింది. మేయరు జెల్యాజ్కో మైకులో దానికి ఘనంగా స్వాగతం చెప్పాడు, ఈ ఏడాది ఊరికి వచ్చిన రెండో కొంగ అని.